షార్లమేన్ లేనే లేడట, 297 ఏళ్ళు గాల్లో కలిపేసారట

నాలుగు రోజుల్లో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. ముందు ఇంజనీరింగ్ బ్యాచ్ గ్రూప్‌లో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో (అక్కడ వాటర్ ట్యాంకర్ గురించి తప్ప ఇంకేం పెట్టకూడదని రూల్, అయినా పెట్టారు), తర్వాత ఇంకో ఇద్దరు, చివరికి నిన్న రాత్రి మా బాబాయ్ విడిగా పంపి కింద "నువ్వు అక్కడే చదివావుగా నాన్నా, ఇది నిజమేనా" అని అడిగాడు. గ్రూపుల్లో వచ్చినవి చూసీచూడనట్టు వదిలేసా గానీ బాబాయ్ అడిగాక తప్పదు. రెండేళ్ళు ఆహెన్‌లో (జర్మనీలో ఊరు, పన్నెండు వందల ఏళ్ళ కిందట పశ్చిమ యూరప్‌లో చాలా భాగం ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ ఉన్నది అక్కడే) చదువుకున్న పాపానికి షార్లమేన్ గురించి ఎవరికి ఏ డౌట్ వచ్చినా నా మీదకే వస్తుంది, సరే, ఒకసారి రాసి పడేస్తా, మళ్ళీ ఎవరైనా పంపితే ఇదే అంటించేస్తా.

మెసేజ్ చూడనివాళ్ళకి విషయం ఇది. క్రీ.శ. 614 నుంచి 911 దాకా 297 ఏళ్ళు అసలు జరగలేదట. జర్మన్ చక్రవర్తి మూడో ఒట్టో, పోప్ రెండో సిల్వెస్టర్, బైజాంటియన్ చక్రవర్తి ఏడో కాన్‌స్టాంటిన్, ముగ్గురూ కలిసి కూర్చుని క్యాలెండర్‌ని ముందుకి జరిపేసి తాము 1000వ సంవత్సరంలో ఉన్నట్టు చేసుకున్నారట, ఖాళీ వచ్చిన చోట షార్లమేన్ అనే రాజుని పుట్టించి నింపారట. మనం ఇప్పుడు నిజానికి ఇంకా 18వ శతాబ్దంలోనే ఉన్నామట. "చరిత్రకారులు దాచిన నిజం, 20 మందికి పంపండి". దీని మూలం హెరిబర్ట్ ఇల్లిగ్ అనే జర్మన్ రచయిత, 1990ల్లో మొదలుపెట్టాడు. మన దాకా వచ్చేసరికి దానికి మసాలా బాగా పడింది, ఆయన చెప్పినదాని మీద మనవాళ్ళు ఇంకో నాలుగు పాయింట్లు వేసి వండారు.

ముందే ఒకటి ఒప్పేసుకుంటా, తర్వాత ఎవరో బయటపెట్టేకంటే. మొదటిసారి ఈ థియరీ చదివినప్పుడు నేనూ నమ్మా. హాస్టల్‌లో రాత్రి రెండింటికి చదివి, పొద్దున్నే క్యాంటీన్‌లో ఇద్దరికి ఎక్స్‌ప్లెయిన్ కూడా చేసా, చాలా కాన్ఫిడెంట్‌గా. రెండు రోజులు పట్టింది దిగడానికి. కాబట్టి ఫార్వర్డ్ చేసినవాళ్ళని వెర్రోళ్ళు అనట్లేదు. ఐదోసారి చేసినవాళ్ళని అంటున్నా.

ముగ్గురూ కలిసి కూర్చున్నారు అన్న పాయింట్‌తోనే మొదలెడదాం. కాన్‌స్టాంటిన్ పోయింది 959లో. ఒట్టో పుట్టింది 980లో. ఇంకేం చెప్పమంటారు? పుట్టడానికి 21 ఏళ్ళ ముందే పోయినాయనతో కుట్ర పన్నిన మొనగాడు మన ఒట్టో. ఇంక సిల్వెస్టర్ పోప్ అయింది 999లో, అంటే 1000 రావడానికి నిండా ఏడాది కూడా లేదు, ఆ కొద్ది నెలల్లో ఐర్లండ్ నుంచి కాన్‌స్టాంటినోపుల్ దాకా ప్రతి మఠంలో, ప్రతి చర్చిలో ఉన్న ప్రతి పుస్తకంలో తారీఖులు మార్పించేసాడు, ఒక్కడు కూడా నోరు జారలేదు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ రిపేర్‌కి ఎంతైందో ముగ్గురు కమిటీ మెంబర్లు రెండు రోజులు దాచలేకపోయారు.

ఇంకో తమాషా ఏంటంటే ఇదే ఒట్టో సరిగ్గా 1000లో ఆహెన్ వచ్చి షార్లమేన్ సమాధి తవ్వించాడు. అప్పటి బిషప్ థియెట్‌మార్ రాసాడు, మెడలో ఉన్న బంగారు శిలువ తీసుకున్నాడని. ఒట్టోతో పాటు లోపలికి దిగిన లొమెల్లో కౌంట్ చెప్పినట్టుగా ఇంకో కథనం ఉంది, అదైతే ఇంకా కలర్‌ఫుల్: శవం సింహాసనం మీద కూర్చునే ఉందట, గోళ్ళు పెరిగి చేతి తొడుగుల్లోంచి బయటికి పొడుచుకొచ్చాయట, ముక్కు కొన రాలిపోతే బంగారంతో చేయించి పెట్టారట, పోతూ పోతూ ఒట్టో ఒక పన్ను ఊడబెరికి తీసుకెళ్ళాడట. ఇందులో అతి ఎంతుందో మీరే ఊహించుకోండి. కానీ తానే కల్పించిన రాజు సమాధిని తానే తవ్వించి పన్ను పీక్కుపోయేంత మెథడ్ యాక్టింగ్ మాత్రం ఎవడూ చెయ్యడు.

రెండోది క్యాలెండర్ లెక్క. నన్ను ఆ రోజు హాస్టల్‌లో పడేసింది ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చెప్తా. జూలియస్ సీజర్ పెట్టిన క్యాలెండర్‌లో ఏడాదికి 365 రోజుల 6 గంటలు, అసలు ఏడాది దానికంటే 11 నిమిషాలు తక్కువ, ఆ 11 నిమిషాలు పోగుపడి దాదాపు 128 ఏళ్ళకి ఒక రోజు తేడా వస్తుంది. సీజర్ కాలం నుంచి 1582 దాకా లెక్కేస్తే దగ్గర దగ్గర 13 రోజులు తేడా రావాలి, కానీ 1582లో పోప్ గ్రెగరీ తీసేసింది 10 రోజులే, చూసారా మూడు రోజులు అంటే మూడు వందల ఏళ్ళు మాయం, అంటుంది మెసేజ్. వినడానికి భలే ఉంటుంది. కానీ గ్రెగరీ సీజర్ కాలానికి వెనక్కి వెళ్దామనుకోలేదు బాబూ. ఆయన బాధంతా ఈస్టర్. ఈస్టర్ లెక్కలకి వాళ్ళు పట్టుకున్నది 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ మతపెద్దల సభ నాటి పరిస్థితి, వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) మార్చి 21కి రావాలి, అంతే. 1582 లోంచి 325 తీసేస్తే 1257, దాన్ని 128తో భాగిస్తే 9.8. పది. పదే తీసారు. గ్రెగరీ ఆదేశంలోనే నైసియా పేరు రాసుంది. ఈ ఒక్క భాగహారం ఆ రోజు రాత్రి చేసుంటే క్యాంటీన్‌లో నా పరువు దక్కేది.

ఇక చిల్లర పాయింట్లు. "చదవడం రాయడం రానివాడు విద్యకి పోషకుడా?" అక్బర్ పేరు విన్నారా? అయిపోయింది. కాకపోతే షార్లమేన్ సంగతి ఇంకాస్త జాలిగా ఉంటుంది, ఆయన దగ్గర పనిచేసిన ఐన్‌హార్డ్ రాసాడు: చదివించుకుని వినేవాడు, లాటిన్ మాట్లాడేవాడు, రాయడం మాత్రం పట్టుబడలేదు, దిండు కింద పలకలు పెట్టుకుని రాత్రిపూట మెలకువ వచ్చినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడట, కానీ లేటు వయసులో మొదలెట్టడం వల్ల చెయ్యి తిరగలేదట. లేని రాజుని కల్పించేవాడు ఆయనకి చక్కగా రాయడం వచ్చనే రాస్తాడు కదా, దిండు కింద పలక ఎందుకు పెడతాడు?

"పట్టాభిషేకం సరిగ్గా 800 డిసెంబర్ 25నా, ఇంత రౌండ్ ఫిగరా?" రోమ్‌లో, సెయింట్ పీటర్స్‌లో, పోప్ చేతుల మీదుగా కిరీటం పెట్టించుకునేవాడు క్రిస్మస్‌కి కాక అమావాస్యకి పెట్టించుకుంటాడా. పైగా ఫ్రాంకుల రాజ్య వార్షికాల్లో (ఏ ఏడాది ఏం జరిగిందో వరసగా రాసుకున్న రికార్డు) కొత్త సంవత్సరం క్రిస్మస్‌తోనే మొదలు, కాబట్టి వాళ్ళ లెక్కలో అది 801 మొదటి రోజు. పోయింది మీ రౌండ్ ఫిగర్.

"ఒక్క మనిషి 46 ఏళ్ళు అన్ని యుద్ధాలు చెయ్యగలడా?" చేసింది ఆయనొక్కడా? 768లో తండ్రి పెపిన్ పోతే అన్నదమ్ములిద్దరికీ రాజ్యం పంచారు, 771లో తమ్ముడు కార్లమన్ పోగానే మొత్తం ఈయన చేతికొచ్చింది. 774కల్లా ఇటలీలో లంబార్డుల రాజ్యం మింగేసాడు, 788లో బవేరియా. ఏటా వేసవికి సైన్యాన్ని పోగేసుకుని ఎటో ఒకవైపు వెళ్ళడమే వాళ్ళ రాజకీయం, దోపిడీ సొమ్ము పంచకపోతే సామంతులు నిలబడరు. ఓడినవి కూడా రాసుకున్నారు. 778లో స్పెయిన్ నుంచి వెనక్కొస్తుంటే రోన్సెవో కొండదారిలో బాస్కులు వెనక దళాన్ని నరికేసారు, తర్వాత పాటలకెక్కిన వీరుడు రోలాండ్ పోయింది అక్కడే.

ఏనుగు పాయింట్‌కి మాత్రం నవ్వాగలేదు. "9వ శతాబ్దం జర్మనీలో ఏనుగా? ఈ ఒక్కటి చాలు అంతా కట్టుకథ అనడానికి." ఏనుగు పేరు అబుల్ అబ్బాస్. పంపింది బాగ్దాద్ ఖలీఫా హరూన్ అల్ రషీద్, వెంటబెట్టుకొచ్చింది ఐజాక్ అనే యూదుడు. 797లో ముగ్గురు దూతలు బయల్దేరితే మిగతా ఇద్దరూ దారిలోనే పోయారు, ఐజాక్ ఒక్కడే ఏనుగుతో తిరిగొచ్చాడు. 801 అక్టోబర్‌లో ఇటలీ తీరంలో దిగాడు, అప్పటికే ఆల్ప్స్ మీద మంచు, ఏనుగుతో దాటలేక చలికాలమంతా వెర్చెల్లిలో ఆగిపోయాడు. 802 జూలై 20న ఆహెన్ చేరాడు. అసలు ఈ వివరం చూడండి, కల్పించేవాడికి ఈ వెయిటింగ్ ఎందుకు? ఏనుగు వచ్చెను, రాజు ఆనందించెను అని రాసి పారేస్తాడు. 810లో డేన్‌ల (డెన్మార్క్ వాళ్ళ) మీద యుద్ధానికి బయల్దేరినప్పుడు రైన్ దాటాక ఏనుగు ఉన్నట్టుండి చచ్చిపోయింది, అదీ రాసారు. డికుయిల్ అనే ఐరిష్ సన్యాసి 825లో ఒక భూగోళం పుస్తకం రాస్తూ, ఏనుగు అసలు పడుకోదని పాత పుస్తకాల్లో రాసినది తప్పు, చార్లెస్ (అంటే షార్లమేన్) చక్రవర్తి కాలంలో ఫ్రాంకుల దేశంలో జనం చూసిన ఏనుగు ఎద్దులాగే పడుకునేది అని రాసాడు. నాకు ఈ మొత్తం గొడవలో బాగా నచ్చిన సాక్షి ఈయనే. ఆయన బాధంతా ఏనుగు నిద్ర గురించే.

ఇప్పుడు మెసేజ్‌లో కాస్త బరువున్న పాయింట్ ఒకటుంది, దానికి తల వంచాల్సిందే. "ఆ కాలపు పత్రాలన్నీ నకిలీవి." అన్నీ కాదు గానీ, చాలా ఉన్నాయి. నిజంగా చాలా. షార్లమేన్ వంశానికి ముందున్న మెరోవింజియన్ రాజుల పేరుమీద దొరికే దానపత్రాల్లో సగానికి పైగా దొంగవే. షార్లమేన్ పేరుమీదా దొంగవి గుట్టలున్నాయి. మొదటి కాన్‌స్టాంటిన్ చక్రవర్తి (మెసేజ్‌లోని ఏడో ఆయన కాదు) పోప్‌కి పశ్చిమ రాజ్యమంతా రాసిచ్చేసాడన్న పత్రం అయితే జగత్ ప్రసిద్ధ మోసం, 1440లో లోరెంజో వల్లా దాని లాటిన్ భాషనే పట్టుకుని బట్టబయలు చేసాడు. ఇల్లిగ్ మొదట అడిగిన ప్రశ్న కూడా ఇక్కడి నుంచే వచ్చింది, మధ్యయుగాల్లో ఇంత ఫోర్జరీ ఎందుకు జరిగింది అని. మంచి ప్రశ్నే, ఒప్పుకుంటా.

కానీ సమాధానం మన తెలుగోళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. పొలం గొడవ! ఏ మఠానికి ఆ మఠం "ఈ భూమి మాకు ఫలానా రాజుగారు ఇచ్చారు" అని చూపించుకోవాలి, పాత కాగితం పోయింది లేదా అసలు లేనే లేదు, సన్యాసి కూర్చుని ఒకటి రాసాడు. మన దగ్గర దొంగ పట్టా పుట్టించేవాడు ఎవరి సంతకం పెడతాడు? ఉన్న తహసీల్దార్ సంతకం పెడతాడు, జనానికి భయమున్న పేరు పెడతాడు. దొంగ పాస్‌బుక్కులు దొరికాయి కాబట్టి పొలమే లేదు, తహసీల్దారే పుట్టలేదు అంటే ఏ కోర్టులో నిలబడుతుంది? షార్లమేన్ పేరుమీద అన్ని దొంగ పత్రాలు పుట్టాయంటేనే ఆ పేరుకి ఎంత చెల్లుబాటు ఉందో అర్థమవ్వాలి. స్లావ్ భాషల్లో రాజు అనే మాటే ఆయన పేరు కార్ల్ నుంచి వచ్చింది, రష్యన్‌లో కరోల్, పోలిష్‌లో క్రుల్, చెక్‌లో క్రాల్.

దొంగవీ అసలువీ ఎలా తెలిసాయి అంటే, చరిత్రకారులే వందల ఏళ్ళుగా కూర్చుని ఒక్కొక్కటీ వేరు చేసారు. "చరిత్రకారులు దాచిన నిజం" అని మీరు పంపే నకిలీ పత్రాల సంగతి మీకు తెలిసిందే చరిత్రకారుల వల్ల! ఐన్‌హార్డ్ కూడా రోమన్ రచయిత సుయెటోనియస్‌ని చూసి కొట్టాడు, అగస్టస్ చరిత్రలో వాక్యాలు ఎత్తి ఇక్కడ పెట్టాడు, అదీ నిజమే. కానీ భారీ మనిషికి గొంతు మాత్రం పీలగా ఉండేదనీ, డాక్టర్లు కాల్చిన మాంసం మానేసి ఉడికించింది తినమంటే వాళ్ళంటేనే పడేది కాదనీ రాసాడే, అవి అగస్టస్ దగ్గర లేవు. (ఆ డాక్టర్ల పాయింట్ చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు, బీపీ టాబ్లెట్ రాసినాయన్ని ఇప్పటికీ శత్రువులాగే చూస్తాడు.)

"తవ్వకాల్లో ఏమీ దొరకలేదు" అన్నది పచ్చి అబద్ధం కాబట్టి ఒక్క ఉదాహరణ చూపిస్తా. 793లో షార్లమేన్‌కి ఒక ఐడియా వచ్చింది, రైన్ వైపు పోయే నీళ్ళనీ డాన్యూబ్ వైపు పోయే నీళ్ళనీ ఒక కాలవతో కలిపేస్తే పడవలు ఇటు నుంచి అటు పోతాయని. బవేరియాలో రెట్సాట్, ఆల్ట్‌మ్యూల్ అనే రెండు చిన్న నదుల మధ్య తవ్వకం మొదలెట్టారు. వార్షికాల్లో రాసుంది, రెండు వేల అంగల పొడవు, మూడు వందల అడుగుల వెడల్పు తవ్వారు, కానీ వానలు ఆగకుండా కురిసి, నేల అసలే చిత్తడి, పగలంతా తవ్వి పోసిన మట్టి రాత్రికి జారి మళ్ళీ గుంతలోకే వచ్చేదట. కాలవ పూర్తవ్వలేదు. ఆ గుంత ఇప్పటికీ ఉంది, ఆ ఊరి పేరే గ్రాబెన్, అంటే కాలవ. ఈ మధ్య తవ్వితే ఆ బురదలో గట్టు జారకుండా దిగేసిన ఓక్ దుంగలు బయటపడ్డాయి, చెట్టు వలయాలు లెక్కపెడితే కొట్టింది 793 ప్రాంతంలోనే. చెట్టుకి ఏడాదికో వలయం, వానలున్న ఏడు వెడల్పు, కరువేడు సన్నం, ఆ వరుసని ఇప్పటి చెట్టు నుంచి వెనక్కి ఒకదానికొకటి అతికించుకుంటూ జర్మనీలో పది వేల ఏళ్ళకి పైగా వెళ్ళారు. పోప్‌గారు మఠాల్లో పుస్తకాలు మార్చారు సరే, అడవిలో ఓక్ చెట్లకి కూడా 297 వలయాలు అదనంగా చెక్కించారా?

ఇప్పుడు నాకు నిజంగా కడుపు మండిన విషయం. ఈ మెసేజ్ రాసినవాడి మనసులో ప్రపంచం అంటే యూరప్ ఒక్కటే. 614 నుంచి 911 అంటే చైనాలో టాంగ్ వంశం మొత్తం, 618లో పుట్టి 907లో పోయింది, పుట్టుకా చావూ రెండూ ఆ గ్యాప్‌లోనే. హిజ్రీ శకం మొదలైంది 622లో, బాగ్దాద్ కట్టింది 762లో, హిజ్రీ సంవత్సరం గుద్దిన వెండి దిర్హమ్‌లు ఇన్నిన్నని లేవు. మన ధాన్యకటకం దాకా వచ్చిపోయిన హ్యుయాన్ త్సాంగ్ ఎగిరిపోయాడు. ఐహోలు శాసనం చూడండి, శక సంవత్సరం 556 అని స్పష్టంగా ఉంది, భారత యుద్ధం నుంచి 3735 ఏళ్ళు అని ఇంకో లెక్క కూడా ఇచ్చాడు రవికీర్తి, రెండూ 634కే వస్తాయి. పోప్‌గారు వచ్చి మన శకం కూడా దిద్దిపోయారా? వేంగీ చాళుక్యులు మొదలైందే ఆ గ్యాప్‌లో. మా అమ్మమ్మ వాళ్ళది అద్దంకి పక్క పల్లె, 848 నాటి పండరంగడి శాసనం అక్కడిది, తరువోజ పద్యం, కందుకూరుని బెజవాడలా చేసాడని చెప్పుకున్న శాసనం. ఈ మెసేజ్ లెక్కన అదీ లేదు. తెలుగు గ్రూపుల్లో, తెలుగులో రాసి, తెలుగు పద్యానికి దొరికే తొలి సాక్ష్యాల్లో ఒకదాన్ని లేదని పంపుతున్నారు, అదీ చివర దండం ఎమోజీ పెట్టి!

హాలీ తోకచుక్క సంగతి కూడా చెప్పి వదిలేస్తా. 607లో కనబడింది, 684, 760, 837, 912లో కనబడింది. 837లో చైనావాళ్ళూ రాసుకున్నారు, షార్లమేన్ కొడుకు లూయీ దాన్ని చూసి హడలిపోయాడని ఫ్రాంకులూ రాసుకున్నారు. 297 ఏళ్ళు పీకేస్తే 607 తర్వాత ఎనిమిదేళ్ళకే మళ్ళీ రావాలి. 76 ఏళ్ళకోసారి వచ్చే మనిషి ఏదో మర్చిపోయి వెనక్కొచ్చినట్టు.

ఇదంతా నవ్వుకుని వదిలేసేదే. కానీ మన వెర్షన్‌లో ఎవరో ఒక పేరా చేర్చారు, నేను ఈ రాత్రి కూర్చుని రాయడానికి అసలు కారణం అది. "వెర్డెన్‌లో 4500 మంది సాక్సన్ల తలలు నరికించాడన్నది కూడా కల్పనే, రాజే లేనప్పుడు హత్యలెక్కడివి?" దీనికి మా బ్యాచ్‌వాడు ఒకడు బొటనవేలు పెట్టాడు.

అక్కడ జరిగింది ఇది. సాక్సన్లు అంటే ఇప్పటి ఉత్తర జర్మనీలో ఉండే, అప్పటికి క్రైస్తవులు కాని జనం, వాళ్ళ మీద యుద్ధం 772లో మొదలైంది, మొదటి పనే వాళ్ళు పూజించుకునే ఇర్మిన్సుల్ స్తంభాన్ని పడగొట్టడం. యుద్ధం 804 దాకా సాగింది. మధ్యలో 782లో ఫ్రాంకుల సైన్యం ఒకటి జ్యుంటెల్ కొండల దగ్గర చిత్తుగా ఓడింది. షార్లమేన్ స్వయంగా వచ్చాడు. తిరుగుబాటు నాయకుడు విదుకింద్ అప్పటికే డేన్‌ల దగ్గరికి పారిపోయాడు. మిగతా సాక్సన్ పెద్దలు మనుషుల్ని పట్టి అప్పగించారు. ఆలర్ నది ఒడ్డున వెర్డెన్ దగ్గర, ఒక్క రోజులో, 4500 మంది తలలు తీయించాడు. తర్వాత థియోన్‌విల్‌కి వెళ్ళి క్రిస్మస్ చేసుకున్నాడు. వార్షికంలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, రాసినవాడికి అందులో ఏ తేడా కనబడలేదు. ఇది శత్రువులు రాసింది కాదు, ఆయన మనుషులే, ఆయన గొప్పగా రాసుకున్న రికార్డులో.

సంఖ్య మీద డౌట్లున్నాయి, ఉండాలి కూడా. మధ్యయుగాల్లో పెద్ద సంఖ్యలు కాకిలెక్కలే ఎక్కువ. "తల నరికించాడు" అన్న లాటిన్ మాట "వేరే చోటికి తరలించాడు" అన్నదానికి రాతతప్పేమో అని వాదించిన జర్మన్లు కూడా ఉన్నారు, ఆ వాదన నిలబడలేదు. సరే, 4500 కాదు 450 అనుకో. అప్పుడు? సాక్సన్ల మీద పెట్టిన చట్టం ఉందిగా, అందులో ఉంది: బాప్టిజం తీసుకోకుండా దాక్కుంటే మరణశిక్ష, చచ్చినవాళ్ళని వాళ్ళ ఆచారం ప్రకారం దహనం చేస్తే మరణశిక్ష, లెంట్ (ఈస్టర్ ముందు ఉపవాసం) రోజుల్లో మతాన్ని ధిక్కరించి మాంసం తింటే మరణశిక్ష. మన ఇళ్ళలో అమ్మానాన్నలకి చేసేదే కదా ఆ దహనం, ఆ ఒక్క లైన్ చదివి కాసేపు పుస్తకం మూసేసా నేను. ఆయన కొలువులో పండితుడు ఆల్క్యుయిన్‌కే మింగుడు పడలేదు, నమ్మకం మనసులోంచి రావాలి గానీ బలవంతంగా రాదనీ, చర్చికి కట్టే పదోవంతు పన్నుతో సాక్సన్లని పీడించొద్దనీ 796లో ఉత్తరాలు రాసాడు. 804లో పదివేల మందిని ఆడాళ్ళు పిల్లలతో సహా ఎల్బే నది దగ్గర్నుంచి లేపి దేశమంతా చెదరగొట్టారని ఐన్‌హార్డే రాసాడు.

ఈ చావుల్ని ఎవడికి కావలసినట్టు వాడు వాడుకోవడం కొత్తేం కాదు. 1935లో నాజీలు వెర్డెన్ దగ్గర 4500 బండరాళ్ళు పాతించారు, మేము ఆ సాక్సన్ల వారసులం అని చెప్పుకోవడానికి. రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు చచ్చినవాళ్ళని జెండాగా చేసుకున్నారు, ఈ మెసేజ్ చచ్చినవాళ్ళని చావలేదంటోంది. అదే లాజిక్‌తో రేపు ఇంకెవడో మన కళ్ళ ముందు జరిగినదాన్నే "కాగితాలు నకిలీవి, ఎవరూ చావలేదు" అని పంపితే దానికీ బొటనవేలు పెడతావా రా మావా? పేరు రాయట్లేదు, నీకు తెలుసు.

చివరి పాయింట్, "ఆహెన్ చర్చి 800లో కట్టేంత టెక్నాలజీ లేదు, తర్వాతెప్పుడో కట్టారు." ఇటలీలో రావెన్నాలో శాన్ విటాలె చర్చి 547లోనే ప్రతిష్ఠ చేసారు, అదీ ఎనిమిది భుజాలదే, దాన్ని చూసి షార్లమేన్ ఆహెన్‌లో కట్టించాడు, స్తంభాలు కూడా రోమ్ నుంచీ రావెన్నా నుంచీ మోయించుకొచ్చారు. అంతకంటే చెప్పడానికేం లేదు దీని మీద.

బాబాయ్, నీకు మాత్రం ఇంకోటి చెప్పాలి, ఇది రుజువు అని కాదు, ఊరికే. ఆ చర్చి పైఅంతస్తులో సింహాసనం ఉంటుంది. బంగారం, రత్నాలు ఏవో ఊహించుకుని వెళ్ళా నేను, తీరా చూస్తే నాలుగు పాలరాతి పలకలు, కంచు పట్టీలతో బిగించినవి, మన గుడి అరుగుకి వాడే రాయికంటే సాదా. దగ్గరికి పోనివ్వరు, తాడు కట్టి ఉంటుంది. నాతో వచ్చిన ఖమ్మం కుర్రాడు పక్క పలక మీద గీతలు చూపించి "అన్నా, అది దాడి కదా" అన్నాడు. నిజంగానే దాడి! చతురంలో చతురం, దాంట్లో ఇంకో చతురం, మధ్యలో కలుపుతూ గీతలు, మన రామాలయం మెట్ల మీద నువ్వూ తాతయ్యా ఆడేవాళ్ళు చూడు, అచ్చం అదే. గైడ్ దాన్ని జర్మన్‌లో ఏదో పేరుతో చెప్తోంది, మేమిద్దరం వినట్లేదు. ఆ రాత్రి హాస్టల్‌లో పిజ్జా డబ్బా అట్ట మీద గీసుకుని శనగలూ బఠానీలూ పెట్టి ఆడాం. మూడు ఆటలూ వాడే గెలిచాడు.